అప్పకు పలకని ‘ష’

మొన్న రాజాం వెళ్లినప్పుడు మా చర్చిలో పాఠం చదివే చెక్కబల్ల కనిపించలేదు. దాని చోట అద్దంతో చేసిన స్టాండు నిలబెట్టారు, లోపలినుంచి నీలం లైటు వెలుగుతోంది. పాతది ఏమైందని అడిగితే కొత్తగా వచ్చిన అయ్యగారు వెనక గదికి తీసుకెళ్లి చూపించారు. పాస్టరుగారిని అయ్యగారు అనడం మా వైపు అలవాటు. విరిగిన ప్లాస్టిక్ కుర్చీల మధ్య, మెరుపు పోయిన క్రిస్మస్ తోరణాల కింద, ఒక కాలికి చెదపట్టి బల్ల పక్కకి ఒరిగి ఉంది. “ఎవరైనా పొయ్యిలోకి పట్టుకెళ్తామంటే ఇచ్చేద్దామనుకుంటన్నామండి” అన్నారాయన మామూలుగానే. ఆయన నాకంటే చిన్నవాడు. ఆ బల్ల వెనక ఎవరు నిలబడేవారో ఆయనకి తెలిసే వీలు లేదు. నేనూ చెప్పలేదు. చెప్పడం మొదలుపెడితే మొత్తం చెప్పాలి, నేను చేసిన పని కూడా చెప్పాలి. అక్కడ నోరు రానిది ఇక్కడ రాస్తున్నాను.

ఆ బల్ల వెనక నిలబడి ప్రతి ఆదివారం పాత నిబంధన పాఠం చదివేది మా అప్ప. అక్కని మేం అప్ప అంటాం. పేరు దీనమ్మ, నాకంటే పన్నెండేళ్లు పెద్ద. నాకు నాలుగేళ్లప్పుడు అమ్మ పోయింది. రైసుమిల్లులో బస్తాలు మోసే నాన్న ఆ తర్వాత రెండేళ్లకి పోయాడు. అప్పటికే అప్ప అయిదో తరగతితో బడి మానేసి, ఊరి చివరి జూట్ మిల్లులో గోనెసంచులు కుట్టే పనిలో ఉంది. నన్ను పెంచింది ఆమే. పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే “ముందు మా గుంట సదువు అవనీండి” అనేది. గుంటంటే మా వైపు ఆడపిల్ల, అంటే నేను. ఆ గుంట చదువు ఎప్పటికీ అవలేదు, ఆ మాట ఎత్తేవాళ్లు ఒక్కొక్కరే మానేశారు.

మా ఇంట్లో అన్నిటికీ గోగునార వాసనే. మిల్లులో నారకి పట్టించే నూనె వాసన, నానిన నార వాసన కలిసి అప్ప చీరల్లోంచి, జడలోంచి, చివరికి ఆమె కలిపి పెట్టే చారన్నంలోంచి కూడా వచ్చేవి. శనివారం సాయంత్రం పెరట్లో పీట వేసుకుని కూర్చుంటే ఆమె జుట్టులో చిక్కుకున్న నారపోగులు ఏరడం నా పని. ఆదివారానికి తల శుభ్రంగా ఉండాలని ఆమె పట్టుదల. నేను పోగులు ఏరుతుంటే ఆమె ఒళ్లో లావుపాటి బైబిలు గ్రంథం తెరిచి మర్నాటి పాఠం తయారుచేసుకునేది. చదవడం ఆమెకి బడిలో కంటే చర్చిలోనే ఎక్కువ వచ్చింది. ముసలి పాస్టరమ్మ ఒకావిడ మిల్లు ఆడవాళ్లని కూర్చోబెట్టి బైబిలు వాక్యాలతోనే అక్షరాలు దిద్దించిందట. అందుకే అప్పకి పేర్లంటే భయం లేదు. పొడుగు పేరు వస్తే పెన్సిలుతో మధ్యమధ్య గీతలు పెట్టి ముక్కలు చేసేది. నె-బు-క-ద్నె-జ-రు. ఆ ముక్కల్ని సోడంబలి కలియబెడుతూ, బట్టలు పిండుతూ, మిల్లుకి నడుస్తూ అనుకునేది. నిద్రలో కూడా నాకు ఆ పేర్లు వినిపించేవి, ఎవరో చుట్టాల పేర్లలాగా.

పేర్ల వరుసలు ఉన్న అధ్యాయాలంటే మగవాళ్లు కూడా తప్పించుకునేవారు. “అది దీనమ్మగారికి ఇచ్చీయండి” అనేవారు సంఘపెద్దలు. వారంలో ఆరు రోజులు ఆమెని ఒసే, ఒలే అని పిలిచేవాళ్లే అందరూ. మిల్లులో ఆమెకి ఒక నంబరు ఉండేది. ఆ బల్ల దగ్గర మాత్రమే ఆమె దీనమ్మగారు. తెల్లచీర కట్టుకుని, కొంగు తలమీదికి లాక్కుని, ఆమె లేచి నడిచి వెళ్తుంటే నాకు గుండె నిండిపోయేది. ఆమె చదువుతుంటే చంటిపిల్లల తల్లులు కూడా పిల్లల్ని ఊరుకోబెట్టి వినేవారు. ‘చెప్పెను’ అని అచ్చులో ఉంటే ఆమె నోట ‘సెప్పెను’ అనే వచ్చేది. మోషే ‘మోసే’ అయ్యేవాడు, యెరూషలేము ‘ఎరూసలేము’ అయ్యేది. వినేవాళ్లందరూ అలాగే మాట్లాడేవాళ్లు కాబట్టి ఎవరికీ అది తప్పనిపించలేదు. నాకూ అనిపించలేదు, హీబ్రూ నేర్చుకునేదాకా.

డిగ్రీ అయ్యాక నన్ను పాస్టర్లని తయారుచేసే వేదాంత కళాశాలకి పంపమని అప్పటి అయ్యగారు అప్పకి చెప్పారు. ఆడపిల్ల అక్కడ చదవడం మా సంఘంలో అదే మొదలు. రాష్ట్రం విడిపోతుందని బంద్‌లు జరుగుతున్న రోజులు, బస్సు దొరక్క అప్పా నేనూ నా ట్రంకు పెట్టెతో సగం రోజు రోడ్డు పక్కన కూర్చున్నాం. కళాశాలలో మొదటి సంవత్సరమే హీబ్రూ. పాత నిబంధన మొదట రాసిన భాష అది. కుడినుంచి ఎడమకి రాస్తారు. ఒకే అక్షరానికి కుడివైపు కొమ్ము మీద చుక్క పెడితే ‘ష’, ఎడమవైపు పెడితే ‘స’. గొంతు అడుగునుంచి తీసుకురావలసిన శబ్దాలు కొన్ని ఉన్నాయి, అవి నా గొంతు ఇట్టే పట్టేసింది. అప్ప శనివారాలు చదువుకునేది వినీవినీ పేర్లన్నీ చెవిలో ఉన్నాయి కాబట్టి క్లాసులో అందరికంటే నేనే ముందు. ముందుండటం నాకు అదే మొదటిసారి. హాస్టల్లో నా ‘సెప్పు’నీ ‘సూడు’నీ విని కొందరు నవ్వారు. ఆరు నెలల్లో నా నోరు మార్చేసుకున్నాను.

మొదటి వేసవి సెలవులకి ఇంటికి వచ్చిన వారం పాఠం న్యాయాధిపతుల గ్రంథంలోది. యొర్దాను రేవు దగ్గర జరిగిన సంగతి. రెండు గోత్రాలు కొట్టుకున్నాయి. ఓడినవాళ్లు నది దాటి ఇళ్లకి పారిపోతుంటే గెలిచినవాళ్లు రేవులో కాపు కాసి, ఒక్కొక్కణ్ణీ ఆపి, షిబ్బోలెతు అను అనేవారు. ఓడిన గోత్రం వాళ్ల యాసలో ‘ష’ లేదు. వాడు సిబ్బోలెతు అనేవాడు, అక్కడే నరికేసేవారు. అలా వేలమందిని చంపారు. అప్ప ఆ పాఠాన్ని ఎప్పటిలాగే నింపాదిగా చదివింది. సిబ్బోలెతు అనమంటే సిబ్బోలెతు అన్నాడని, అందుకు చంపేశారని చదివింది. సంఘం తలలూపి విన్నది. నాకు మాత్రం ఒళ్లు చిరచిరలాడింది. రెండు మాటలూ ఒకటే అయిపోయాక ఇంక ఆ పాఠంలో ఏం మిగిలింది అనుకున్నాను.

అంతటితో అయిపోయేది. కానీ అయ్యగారు నన్ను చూసి మురిసిపోయి, “మన సంఘం బిడ్డ హీబ్రూ సదువుతంది, రెండు ముక్కలు సెప్పమందాం” అని మైకు ఇచ్చారు. నేను బల్ల దగ్గరికి వెళ్లాను. అప్ప ఇంకా పక్కనే నిలబడి ఉంది. ఇప్పుడు చదివినదాంట్లో అసలు విషయం పోయిందని చెప్పాను. కుడిచుక్క, ఎడమచుక్క సంగతి చెప్పాను. ‘ష, ష’ అని అందరి చేతా అనిపించాను. సగం మంది ‘స, స’ అన్నారు, నవ్వులు వచ్చాయి. ఆ నవ్వుల ఊపులో, “ఆ రోజు రేవులో మా అప్పని నిలబెట్టి ఉంటే నాకు అప్పే ఉండేది కాదు” అన్నాను.

చర్చి అంతా పకపక నవ్వింది. అప్ప కూడా నవ్వింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. తర్వాత గ్రంథం మూసి, రెండు చేతులతో పట్టుకుని, వెళ్లి తన చోట కూర్చుంది. ఆమె మెడమీద చెవి వెనక ఒక నారపోగు ఉండిపోయింది, నేను ఏరడం మర్చిపోయినది. అదొక్కటీ నాకు కనిపించింది. ఆమె మొహం చూడాలని నాకు తట్టలేదు.

ఇంటికి వచ్చి కోడికూర పొయ్యిమీద పెట్టి, “ఏదీ, మళ్లా ఒకపాలి అను” అంది. అన్నాను. ఆమె అన్నది. మళ్లీ ‘సి’. నేను ఆమె గడ్డం పట్టుకుని, నాలుక వెనక్కి మడవమని, పెదాలు ముందుకి పెట్టమని చూపించాను. చిన్నప్పుడు నాకు పళ్లు తోమించినట్టే ఉంది అది, చేతులు మాత్రం తారుమారయ్యాయి. నాలుగైదు సార్లు చూసి, “నోరు తిరగడం నేదే” అని గరిటె అందుకుంది. కూర కలుపుతూ అడిగింది. “ఇంతకీ ఆ మాటకి అర్థమేటి?”

“కంకి అప్పా. వరి కంకి లాంటిది. వెన్ను.”

“ఎన్నా?” అంది. పొయ్యిలోకి ఒక పుల్ల ఎగదోసింది. “ఎన్ను అనడం రాలేదని అంతమందిని సంపీసినారేటి?”

నేను దానికేదో చెప్పాను, చరిత్ర, గోత్రాల తగువు అని. ఆ సెలవుల్లో నేను చెప్పని విషయం లేదు. వంట చేస్తుంటే వెనక కూర్చుని చెప్పేదాన్ని, బట్టలు ఆరేస్తుంటే చెప్పేదాన్ని. యెహోవా అనే పేరు కూడా మనం పలికేలా ఉండేది కాదని, హీబ్రూలో హల్లులే రాసేవారని, యూదులు భయంతో ఆ పేరు పలకడం మానేస్తే అసలు ఉచ్చారణ పోయిందని, ఇప్పుడు ఎవరికీ రూఢిగా తెలియదని చెప్పాను. అప్ప చేతిలో తడిబట్ట అలాగే పట్టుకుని, “మరి నానేటని పిలవాల?” అంది.

“ఏదో ఒకటి పిలువు. ఆయనకేం, వింటాడు” అన్నాను నవ్వుతూ.

తెల్లవారుజామున మిల్లుకి బయల్దేరే ముందు గోడవైపు తిరిగి ఆమె పైకి ప్రార్థన చేసుకునేది. నేను దుప్పట్లోంచి వినేదాన్ని. ఆ వారంనుంచి ఆ ప్రార్థనలో పేరు వినిపించలేదు. “నాయినా” అని మొదలుపెట్టి ఆగిపోయేది. తర్వాతి ఆదివారానికి గొంతు పట్టేసిందని, మిల్లు దుమ్మని, వేరే ఎవరికైనా పాఠం ఇమ్మని అయ్యగారికి చెప్పి పంపింది. ఆ తర్వాతి ఆదివారమూ అంతే. నేను కళాశాలకి తిరిగి వెళ్లేసరికి, పాఠం చదవడం ఒక టీచరుగారికి స్థిరపడిపోయింది.

మా హీబ్రూ మాష్టారికి ఈ కథ నవ్వు కోసమే చెప్పాను. ముసలాయన, పొడిపొడిగా మాట్లాడేవారు. ఆయన నవ్వలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, “మన తెలుగు అచ్చులో సమూయేలు అని ఉంటుంది, సమ్సోను అని ఉంటుంది, సొలొమోను అని ఉంటుంది. అవన్నీ హీబ్రూలో ‘ష’లే. ఏమ్మా, వాళ్లని ఎవరూ రేవులో ఆపలేదే” అన్నారు. యెమెను యూదుడు పలికినట్టు పోలండు యూదుడు పలకడని, ప్రవక్తలు ఎలా పలికారో విన్నవాడు ఇప్పుడెవడూ లేడని అన్నారు. “ఆ మాట పలకలేనివాళ్లే ఆ పాఠంలో చచ్చిపోయారు. దాన్ని పలకలేని గొంతుతో వినడం మీ సంఘానికి దొరికింది. నువ్వు దాన్ని ఆపేసి వచ్చావు.”

ఆ సాయంత్రమే అప్పకి ఫోన్ చేశాను. మాష్టారు అన్నదంతా చెప్పాను. ఆమెది చిన్న కీప్యాడ్ ఫోను, మిల్లు మోతలో సగం వినపడిందో లేదో. “అలగన్నారా. మంచోరు” అంది. “నువ్వు మళ్లీ చదవాలప్పా.” “గొంతు బాగోలేదే నాకు. ఆ టీచరమ్మ బాగానే సదువుతంది, ఒగ్గీ” అంది. క్రిస్మస్‌కి వెళ్లినప్పుడు అడిగాను, అదే జవాబు. ఆ మరుసటి ఏడు అడగడం మానేశాను. నిజంగానే ఆమె గొంతు బాగోలేదు. దగ్గు మొదలైంది. మిల్లు ఆడవాళ్లందరికీ ఉండే దగ్గే అనుకుంది, నేనూ అలాగే అనుకున్నాను. మనిషి సగం అయ్యాక గానీ నాకు కబురు చేయనివ్వలేదు. నా పరీక్షలు పాడవుతాయని ఆమె భయం.

శ్రీకాకుళం ఆస్పత్రిలో పదకొండు రోజులు ఉన్నాం. వరండా చివర మంచం. అరసవల్లి దర్శనానికి వెళ్లొచ్చినవాళ్లు పక్క మంచం రోగికి ప్రసాదం తెస్తే అప్పకీ పెట్టేవారు, కళ్లకద్దుకుని తినేది. మధ్యాహ్నాలు కీర్తనలు చదివి వినిపించమనేది. నువ్వు చదువప్పా, నేను వింటాను అని గ్రంథం ఆమె చేతిలో పెట్టాను ఒకరోజు. తిరిగి నా ఒళ్లో పెట్టింది. “నువ్వే సదువు. నీకు బాగా వస్తాది.” చదివాను. కంఠస్థం వచ్చిన కీర్తనలు కాబట్టి ఆమె పెదాలు నాతోపాటు కదిలేవి. దేవుడి పేరు వచ్చేసరికి పెదాలు ఆగిపోయేవి. నేను ఆ పేరు చదివి దాటాక మళ్లీ కదిలేవి. చూడలేక నేను పుస్తకం మూసేశాను.

ఆమె కళ్లు తెరిచింది. “ఒలే కరుణా. నానింతకాలం తప్పు పేరుతో పిలిసేను కదా. ఆయనకి వినపడ్డాదంటావేటి?”

“వినపడ్డాదప్పా” అన్నాను. మూడేళ్ల తర్వాత ఆ మాట నా నోట మా యాసలో వచ్చింది. “అన్నీ వినపడ్డాయి.”

“నిజంగానే అంటన్నావా, నన్ను ఊరుకోబెట్టడానికి అంటన్నావా?”

నేను ఏడుస్తూ ఉండిపోయాను. ఆమె నా చెయ్యి తీసుకుని తన దుప్పటి కింద పెట్టుకుంది. ఆ తర్వాత రెండో రోజు పొద్దున్నే పోయింది.

ఇప్పుడు నేను ఒక వేదాంత కళాశాలలో హీబ్రూ చెబుతున్నాను. ఆ మాష్టారి కుర్చీలాంటి కుర్చీలోనే కూర్చుంటాను. ఈ రోజుల్లో ఫోనులో ఏ పేరు నొక్కితే ఆ పేరు సక్రమంగా పలికి వినిపిస్తుంది. పిల్లలు నా దగ్గరికి వచ్చేసరికే నాకంటే శుద్ధంగా పలుకుతారు. పాలకొండ వైపునుంచి వచ్చిన అమ్మాయి ఒకతె ఉంది ఈ ఏడు, ‘షాలోం’ని ‘సాలోం’ అంటుంది. క్లాసు నవ్వబోతే ఒక్క చూపు చూశాను, ఆగిపోయారు. అది మంచితనం అనుకోవద్దు. అప్పుడు నన్ను అలా చూసేవాళ్లు ఒక్కరున్నా బావుండేదని ఇప్పటికీ అనుకుంటాను. మా రాజాం చర్చిలో ఇప్పుడు వాక్యం గోడమీద తెరపై పెద్ద అక్షరాలతో పడుతుంది, పాఠం చదివే మనిషి అవసరం పెద్దగా లేదు. బాగానే ఉంది. చంటిపిల్లల తల్లులు తెరవైపు ఒకసారి చూసి మళ్లీ పిల్లలతో మాట్లాడుకుంటున్నారు.

అప్పని మట్టి చేసిన మూడో రోజు మధ్యాహ్నం మిల్లునుంచి నలుగురు ఆడవాళ్లు వచ్చారు. ముందు నడిచింది పైడితల్లి అని, అప్ప పక్క మెషీను మీద కుట్టే మనిషి. వాళ్లది వరి, గోగు వేసుకునే రైతుకుటుంబం, పంట చాలక మిల్లుకి వస్తుంది. మా చర్చి గుమ్మం ఎప్పుడూ తొక్కలేదు. నలుగురూ పెరట్లో కూర్చుని కాసేపు ఏడ్చారు. తర్వాత పైడితల్లి ముక్కు తుడుచుకుని, “అమ్మా, ఆ కత ఏటైనాదో నీకు తెలుసుంటాది కదా” అంది.

“ఏ కథ?”

“మీ అప్ప సదివీది కదా మాకు. మజ్జాన్నం అంబలి తాగినాక గోడౌను నీడలో. నీకు సెప్పలేదేటి? రెండేళ్లయింది మొదలుపెట్టి. మోసే కత అయింది, ఓసేపు కత అయింది.”

నాకు తెలియదు. చర్చిలో మానేసింది కదా అన్నాను.

“మానీసింది. ఎందుకే అనడిగితే, అక్కడ సదువుకున్నోలున్నారే, మీకైతే తప్పులు తెల్దు కదా, అనీసి నవ్వీది.” పైడితల్లి చాలా మామూలుగా చెప్పింది ఆ మాట. “ఆ పిల్లల్లేని ఆడకూతురు ఉన్నాది సూడు, అన్నమ్మ. గుడికెల్లి నోరు మెదుపుకుంటా ఏడిస్తే పూజారి తాగీసి వొచ్చిందనుకుంటాడు. అక్కడిదాకా సెప్పి, రేపు సెప్తానే అంది. రేపటికి మీ అప్ప పన్లోకి రానేదు.”

లోపలికి వెళ్లి అప్ప గ్రంథం తెచ్చాను. అన్నం సంచిలో పెట్టి తీసుకెళ్లడానికి పాలిథిన్ కవరు చుట్టి ఉంది. వాళ్లు అన్నమ్మ అన్న హన్నా కథ ఉన్న పేజీ తీశాను, ఆమె వెళ్లిన ఊరి పేరుతో మొదలుపెట్టాను. షిలోహు.

“ఆగమ్మా” అంది పైడితల్లి. “సిలోవు కదా ఆ ఊరు.”

“రెండూ ఒకటే.”

“ఒకటే అయితే మీ అప్ప అన్నట్టే అను. మాకు అలవాటైపోయింది.” మిగతా ముగ్గురూ తలలూపారు. సిలోవు అన్నాను. ఆ పూట వాళ్లు నన్ను ఇంకో మూడుసార్లు ఆపి సరిదిద్దారు. ప్రతిసారీ అప్ప అన్నట్టే అన్నాను. పూజారి ఆమె బాధ తెలుసుకున్నాడని, సుఖంగా వెళ్లమన్నాడని చెప్పాను. బిడ్డ పుట్టాడని చెప్పాను. పైడితల్లి రెండు చేతులూ మొహానికి పెట్టుకుంది. “పుట్టేడా” అంది. “ఇన్నాళ్లూ ఆ మనిషికి పుట్టేడో లేదో అని ఉన్నాదమ్మా నాకు.”

మిల్లు కూత వినపడి లేచారు. గుమ్మం దగ్గర పైడితల్లి వెనక్కి తిరిగి, “రేపు కూడా వస్తాం. ఆ గుంటడు పెద్దోడై ఏటి సేసినాడో సెప్తావేటి?” అంది.

సెప్తాను, రండి అన్నాను. మర్నాడు తెల్లారి చీపురుపల్లిలో రైలెక్కేశాను. ఆ వారమే హీబ్రూ పైకి చదివి వినిపించే పరీక్ష ఉంది. ఒక్క తప్పు లేకుండా చదివాను.